స్టాన్లీ ఇంటి ముప్ఫై కొవ్వొత్తులు

శనివారం పొద్దున నళిని అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం మైనం కరిగించి, ముప్ఫై గాజు గ్లాసుల్లో పోసి, మర్నాటి సాయంత్రానికి కింది ఫ్లాటు స్టాన్లీకి అందించాలి. ఆయన భార్య రోజ్లిన్ పోయి ఏడాది. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాడు. "తను కొవ్వొత్తులు ఎప్పుడూ నీ దగ్గరే తీసుకునేది కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నళిని, ఏ మైనం వాడాలా అని రెండు రోజులు ఆలోచించింది.

పారాఫిన్ మైనం ఆమెకు చేయి తిరిగిన పని. గట్టిగా నిలుస్తుంది. కానీ మసి కడుతుంది. ఆఖరి రెండేళ్ళూ ఊపిరాడక రోజ్లిన్ పడ్డ అవస్థ నళిని చూసింది. తేనెమైనం మంచిదే కానీ, దాని వాసన దానికుంది. చివరికి సోయా మైనం తెప్పించింది.

అత్త భాగీరథమ్మ హొసకోటె మనిషి. కొత్త వస్తువేదైనా ముందు అనుమానిస్తుంది, తర్వాత వాడుతుంది. డబ్బా మూత తీసి చూసింది.

"ఇదేమి నళినీ, సబ్బు తురిమినట్ల ఉండాది?"

"సోయా మైనం అత్తమ్మా. సోయా నూనెతోనే చేస్తారు. మన డాల్డాకి చెల్లెలనుకోండి."

"అట్లనా!" అంది భాగీరథమ్మ, చాలా ఆలోచనగా.

నళిని వత్తులు కొనడానికి వెళ్ళింది. కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లోనే గంట పోయింది. ఆ గంటలో ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు మర్నాటి దాకా తెలియలేదు. ప్రార్థనకొచ్చేవాళ్ళకు వట్టి టీ ఇస్తే బాగుండదని భాగీరథమ్మ కారం, కరివేపాకు, ఇంగువ దట్టించి నిప్పట్లకు, అదే చెక్కలకు, పిండి కలిపింది. నూనె చాలలేదు. డాల్డా చెల్లెలు ఉండనే ఉంది. సగం డబ్బా బాణట్లో వేసి నిప్పట్లు కాల్చింది. మిగిలినదాన్ని శుభ్రంగా వడగట్టి మళ్ళీ డబ్బాలోనే పోసింది. ఒకరి వస్తువు వృథా చేసే మనిషి కాదామె.

నళిని వచ్చేసరికి ఇల్లంతా నిప్పట్ల వాసన.

"చల్లారినాక ఎందుకో తెల్లగా పూత పట్టినాయమ్మా" అంది అత్త, నిప్పట్లు చూపిస్తూ.

"మబ్బు పట్టింది కదత్తమ్మా, తేమకేమో" అంది నళిని, అటు చూడకుండానే.

డబ్బాలో మైనం గడ్డకట్టి, కాస్త ఎర్రబారి ఉంది. పొయ్యి సెగ తగిలిందేమో అనుకుంది. లావెండర్ నూనె కలిపి గ్లాసుల్లో పోసింది. ఆ లేత గులాబి రంగు చూసి ముచ్చటపడింది కూడా.

ఆదివారం సాయంత్రం రోజ్లిన్ ఫోటో ముందు ముప్ఫై కొవ్వొత్తులూ వెలిగాయి. పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి ఇంగువ వాసన వచ్చింది. మూడో వాక్యానికి కరివేపాకు. ముందు వరసలో ఒకాయన ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూశాడు. పక్క ఫ్లాటు పిల్లప్ప అంతదాకా ఆగలేక, భాగీరథమ్మ తెచ్చిన పళ్ళెంలోంచి ఒక నిప్పటి తీసి కొరికాడు. అది అంగిటికి అతుక్కుంది.

"ఇది కొవ్వొత్తి మాదిరి ఉండాది కదప్పా!" అన్నాడు, దవడ కదపలేక.

నళిని అత్తకేసి చూసింది. అత్త కొవ్వొత్తులకేసి చూసింది.

"అత్తమ్మా, ఆ డబ్బాలోది వాడినారా?"

"డాల్డా చెల్లెలని నువ్వే గదమ్మా చెప్పింది!"

నళిని గబుక్కున ముందుకెళ్ళింది. ఆ చివర గ్లాసు నుంచి ఆర్పేద్దామని వంగింది. స్టాన్లీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. కోపమనుకుంది.

"ఆర్పొద్దమ్మా. తను పోయినాక ఈ ఇంట్లో బాణలి పొయ్యెక్కలేదు. ఫోన్లో తెప్పించుకొని తింటా ఉండా. ఇప్పుడు కండ్లు మూసుకుంటే, తను వంటింట్లో నిలబడి ఉండేట్లే ఉండాది."

పాస్టరు ప్రార్థన మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు, ఈసారి నింపాదిగా. భాగీరథమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, నిప్పట్ల పళ్ళేన్ని కాలితో మెల్లగా కుర్చీ కిందికి తోసింది. రెండు రోజులు మైనం గురించి ఆలోచించాను గానీ, ఈ మనిషి ఏం తింటున్నాడో ఒక్కపూట అడగలేదే అనుకుంది నళిని.

సోమవారం అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆమెకు అవే కొవ్వొత్తులకు రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒకరు మాత్రం ఇంగువ తగ్గించమన్నారు.