ఆది జాకెట్టు అర్జీ

తనకు సరిపోవడం మానేసిందని మంగతాయారు మీద ఆమె ఆది జాకెట్టు సోమవారం అర్జీల రోజున కొలతల ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది.

జాకెట్టు తొందరపడలేదు. మంగతాయారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, గాయాలు మాని, పక్కమీంచి లేచి తిరిగేదాకా బీరువాలో ఓపిగ్గా కూర్చుంది. ఆ తర్వాతే షేర్ ఆటో ఎక్కింది. ఎవరో ఒళ్లో పెట్టుకుంటామన్నా ఒప్పుకోకుండా, టిక్కెట్టు కొన్న మనిషిలా పూర్తి సీటు తీసుకుంది. ఆఫీసులో దాని ముందు వరసలో ఒక పెళ్లి ఫోటో నిలబడి ఉంది. తనలో ఉన్న పెళ్లికొడుక్కి ఇప్పుడు నెత్తిమీద వెంట్రుక లేదని ఆ ఫోటో బాధ. గుమస్తా రెండు అర్జీలూ తీసుకుని, రెంటినీ మంచినీళ్లు తాగమన్నాడు.

కోరుమిల్లిపేటలో ఇలాంటివి ఎవరికీ వింత కాదు. ఆ ఊళ్లో దర్జీలు ఆడవాళ్ల ఒంటి కొలతలు తీసుకోరు. కొత్త జాకెట్టు కావాలంటే ఎప్పుడో బాగా కుదిరిన పాత జాకెట్టొకటి సంచిలో పెట్టి ఇవ్వాలి. దాన్ని ఆది అంటారు. దర్జీ దాన్ని బల్లమీద పరిచి, అదెలా ఉంటే అలా కత్తిరిస్తాడు. అమ్మమ్మల కాలం నుంచీ ఇదే పద్ధతి. పోగాపోగా ప్రభుత్వానికి ఒక సంగతి తట్టింది. మనిషి లావవుతుంది, చిక్కుతుంది, కంటుంది, ముసలిదవుతుంది. ఆది మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ఆది అసలు, మనిషి నకలు. రెంటికీ తేడా వస్తే నకలునే సరిచేయాలి. ఈ నియమం వచ్చినప్పుడు ఊళ్లో ఎవరూ నోరెత్తలేదు. అంతకుముందు కూడా జరుగుతున్నది అదే కదా అనుకున్నారు.

మంగతాయారు బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. వాలీబాల్ ఆమె ప్రాణం. నలభై దాటినా ఆమె సర్వీసు చేస్తే అవతలి కోర్టులో పిల్లలు బంతిని చూడటం మానేసి దండం పెట్టేవాళ్లు. అలాంటి మనిషికి రొమ్ము కేన్సరొచ్చింది. పెద్దాసుపత్రిలో రెండు రొమ్ములూ తీసేశారు. రోగం పోయింది.

కట్లు విప్పిన రోజు అద్దం ముందు నిలబడి కరువుతీరా ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, అలవాటు కొద్దీ మేకుకున్న ఈల తీసి మెళ్లో వేసుకుంది. ఇన్నేళ్లూ ఆ ఈల అటో ఇటో జారిపోయేది, పరిగెడితే వీపుమీదికి పోయేది. ఆవేళ గుండె ఎముక మీద బుద్ధిగా, నిటారుగా వేలాడింది. మంగతాయారు అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఈల కదల్లేదు. ఆమెకు నవ్వొచ్చింది. బలంగా ఊపిరి పీల్చి ఒక్కటి ఊదితే పక్కింటి కోళ్లు గోడెక్కాయి. అంత ఏడుపు తర్వాత అంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

సర్జను ముందే రెండు దారులూ చెప్పాడు. కావాలంటే వీపు కండ కొంత తీసి కొత్త రొమ్ములు అమర్చవచ్చు, అక్కర్లేదంటే ఇలా చదునుగానే ఉండిపోవచ్చు, ఎలా ఉన్నా ఆరోగ్యానికి ఢోకా లేదు, మీ ఇష్టం అన్నాడు. వీపు కండ తీస్తే సర్వీసు మాటేమిటని ఆమె అడిగింది. భుజం కొన్నాళ్లు మొరాయించవచ్చు, తర్వాత కూడా పాత జోరు ఉంటుందని మాటివ్వలేను అన్నాడు. మంగతాయారు ఆ రోజే సగం తేల్చేసుకుంది. ఈల నిటారుగా వేలాడిన రోజున మిగతా సగం తేలిపోయింది.

నోటీసు సరిగ్గా అప్పుడొచ్చింది. అందులో రెండే గళ్లున్నాయి. ఒకటి, ఆపరేషను ద్వారా ఆదికి సరిపోవుట. రెండు, ఆపరేషను అయ్యేవరకు ఆఫీసు స్టోరు నుంచి దూది దిండ్లు తీసుకుని తాత్కాలికంగా సరిపోవుట. ఉన్నట్టే ఉండుట అనే గడి లేదు. అచ్చువేసినవాడు మర్చిపోయాడేమోనని ఆమె వెనక్కి తిప్పి చూసింది. వెనక దూది దిండ్లు ఉతికే విధానం ఉంది. ఏ గడీ నింపకపోతే ఆదికి సరిపోని మనిషి కింద జమకట్టి, బడి తెరిచేనాటికి మైదానంలోకి రానివ్వబోమని అడుగున రాసి ఉంది.

ఇక ఊరంతా పెద్దమనుషులే. ఆడపడుచు నాగరత్నం రోజూ వచ్చి, పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లాల్సిన మనిషివి, పట్టుచీర ఎలా నిలుస్తుంది వదినా అని కళ్లు ఒత్తుకునేది. చీర నిలవడానికి మనిషి వీపు కోయించుకోవాలా అని నాగరత్నానికి తోచలేదు. పాలు పోసే ఆవిడ కూడా ఒక అభిప్రాయం పోసి వెళ్లింది. భర్త గవర్రాజు ఐసు ఫ్యాక్టరీలో మేనేజరు. మాట తక్కువ మనిషి. నీ ఇష్టం అన్నాడు. ఆ మాటే పొద్దున ఒకలా అన్నాడు, సాయంత్రం ఇంకోలా అన్నాడు. అందులో ఏది ఒప్పుకోలో ఏది దిగులో మంగతాయారుకు బోధపడలేదు. అతని దిగులే ఆమెకు అసలు భయం.

చివరికి గ్లోరీ దగ్గరికి వెళ్లింది. గ్లోరీ చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. ఆమెకూ ఇదే రోగం వచ్చిపోయింది, ఆమె మాత్రం కొత్తవి అమర్పించుకుంది. మంగతాయారు అంతా చెప్పాక గ్లోరీ టీ గ్లాసు కింద పెట్టింది.

"నాకు కావాలనిపించిందే, చేయించుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తది. నీక్కావాలనిపిస్తే నువ్వూ చేయించుకో, ఆసుపత్రిలో తోడు నేనుంటాను. జాకెట్టుకి కావాలనిపిస్తే మాత్రం వద్దు."

విచారణ రోజున హాలు కిటకిటలాడింది. కొలతల అధికారి అనసూయాదేవి ఇస్త్రీ మడత చెదరని మనిషి. జాకెట్టు చిలకాకుపచ్చ రంగులో, హుక్కులన్నీ పెట్టుకుని, కుర్చీలో గౌరవంగా కూర్చుంది. మంగతాయారు పెళ్లయిన మూడో ఏడు కుట్టించుకున్నది అది. తనకెవరి మీదా కక్ష లేదని, తను ఇన్నేళ్లలో అంగుళం కూడా మారలేదని, మారింది ఆవిడేనని చెప్పింది. మాట నిజమే కాబట్టి హాల్లో చాలామంది తలలూపారు.

అధికారి ముందుగా గవర్రాజును పిలిచి, భార్య ఇలాగే ఉండిపోతే మీకు కలిగే నష్టమెంతో చెప్పండి, రాసుకుంటాం అంది. గవర్రాజు లేచి చొక్కా సర్దుకున్నాడు. మంగతాయారు ఊపిరి బిగబట్టింది.

"ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు మనిషి తిరిగొస్తే చాలనుకున్నానండి. వచ్చిందండి. ఇంకేం రాయమంటారు?"

అలాంటి జవాబుకు గడి లేదని గుమస్తా విన్నవించాడు. అయితే నష్టం దగ్గర సున్నా వేయమంది అధికారి. గవర్రాజు కూర్చున్నాడు.  మంగతాయారు అతని మోకాలిమీద చెయ్యేసింది. ఇన్నాళ్లూ అతను దిగులుపడింది తను దక్కుతుందో లేదోనని అప్పటికి అర్థమై, ఈ మాట ఇంట్లో చెప్పడానికి ఏం రోగమని మనసులో తిట్టుకుంది. తిట్టుకున్నా సంతోషం ఆగలేదు.

తేడా ఎంతో కొలవాలి కాబట్టి జాకెట్టును మంగతాయారుకు తొడిగి చూడమని అధికారి ఉత్తర్వు వేసింది. ఆమె తెర వెనక్కి వెళ్లింది. జాకెట్టు చేతులకు ఎక్కలేదు. గ్లోరీ, నాగరత్నం చెరోపక్కా లాగితే మోచేతి పైదాకా వచ్చి ఆగిపోయింది. సర్వీసులు చేసి చేసి మంగతాయారు భుజాలు ఎప్పుడో దాని కొలత దాటిపోయాయి. వీపు దగ్గర జానెడు తక్కువైంది. అతికష్టం మీద తొడిగి ముందు హుక్కులు పెట్టారు. అంతా చూస్తే జాకెట్టు ఒదులుగా ఉన్నది ఛాతీ దగ్గరే. మిగతా అన్నిచోట్లా బిగుసుకుపోయింది.

ఈ సంగతి గుమస్తా తెర బయటికి చదివి వినిపించాడు. అధికారి నియమాలు తిరగేసింది. అలాగైతే చేతులు కూడా సన్నం చేయాలి, వీపు కుదించాలి, ఆది కుట్టించిన ఏడుకు సరిపోయేలా వయసు కూడా తగ్గించాలి అని తేల్చింది. మొదటి రెండింటికీ వేరే ఆసుపత్రి కావాలి, వయసు తగ్గించే విభాగంలో మాత్రం ప్రస్తుతం డాక్టరు లేడని గుమస్తా చెప్పాడు. డాక్టరు వచ్చేదాకా వయసు దగ్గర దూది పెట్టవచ్చేమో చూడమంది అధికారి. గుమస్తా చూస్తానన్నాడు.

తెర వెనక మంగతాయారుకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది. గ్లోరీ మొహం చూడగానే ఇక ఆగలేదు. మైదానం ఆ చివరికి వినబడే గొంతు ఆమెది. ఆ నవ్వుకు ముందు పక్క కుట్లు పోయాయి, తర్వాత వీపు, ఆ తర్వాత చంకలు. జాకెట్టు పొడుగూతా విచ్చుకుపోయింది.

 ఆది చిరగడం అంతవరకూ ఎవరూ చూడలేదు.

"అమ్మయ్య," అంది జాకెట్టు. "ఊపిరి బిగబట్టి ఇరవయ్యేళ్లయిందండీ. మారకూడదంటే మాటలా? అర్జీ వెనక్కి తీసుకుంటానండి."

అప్పుడు హాల్లో ఇంకెక్కడో ఒక హుక్కు తెగిన చప్పుడైంది. మరో మూల పిన్నీసు ఊడింది. నాగరత్నం పైట కింద చెయ్యి పెట్టి, ఏళ్ల తరబడి జాకెట్టును మూసి ఉంచిన మూడు పిన్నీసులూ తీసి బల్లమీద పెట్టేసింది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు ఊపిరి వదిలారు. ఆ హాల్లో తన ఆదికి సరిపోయిన మనిషి ఒక్కతీ లేదు.  అనసూయాదేవి మెల్లిగా వెనక్కి వాలింది. ఆమె కుర్చీలోంచి కూడా చిన్న చప్పుడు వచ్చింది. అది బల్లదని గుమస్తా రాసుకున్నాడు.

అధికారి నోటీసు మీద మూడో గడి చేత్తో గీసింది. ఉన్నట్టే ఉండుట అని రాసి, ఎదురుగా టిక్కు పెట్టమని కలం మంగతాయారుకిచ్చింది.

మర్నాడే మంగతాయారు దర్జీ మస్తాను కొట్టుకు వెళ్లింది. ఆది లేదు, నన్నే కొలిచి కుట్టమంది. మస్తాను టేపు దులిపి నిలబడ్డాడు. ముప్పయ్యేళ్లుగా ఊరందరికీ కుట్టిన మనిషికి ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. "ఎటునుంచి కొలవాలమ్మా?" అన్నాడు. భుజం నుంచి అని ఆమే చెప్పింది. టేపు ఒక చివర ఆమె పట్టుకుంది. అంత చేసీ, కుట్టేటప్పుడు చెయ్యి అలవాటున పాత ప్రకారమే పోయింది. ముందు భాగంలో టక్కులేసి, గుండ్రాలు నిలబెట్టి తెచ్చాడు. వాటిలో రెండు ఉల్లిపాయలు పెట్టి చూపించి మంగతాయారు మళ్లీ నవ్వింది. అతను నాలిక్కరుచుకుని విప్పాడు. రెండోసారి తెచ్చిన జాకెట్టు ఒంటికి అతికినట్టు చదునుగా కూర్చుంది. దాని లోపలి అంచుకు పాత చిలకాకుపచ్చ ముక్క వేయించింది. పాతది ఎక్కడికీ వెళ్లనందిట.

బడి తెరిచిన రోజు మైదానంలో పిల్లలు మొదట ఆమె ఛాతీ వైపు చూశారు, చూసి తలలు దించుకున్నారు. మంగతాయారు ఈల ఊదింది. బంతి పైకెగరేసి కొట్టింది. అది వలమీంచి గాలిని కోసుకుంటూ వెళ్లి గీతమీద పడింది. పిల్లలు బంతిని చూడటం మానేసి దండం పెట్టారు. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ చూడలేదు.

ఆఫీసు నుంచి తుది ఉత్తర్వు కూడా వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ వచ్చింది. ఇకనుంచి ఎవరికి వారే ఆది కావచ్చునట. అయితే ఆ అనుమతి ఒక్క ఏడాదికే. ఏటా వచ్చి తాము తామేనని రుజువు చేసుకుని పొడిగించుకోవాలి. వచ్చేటప్పుడు భర్తనో, తండ్రినో, వాళ్లు లేకపోతే మీసం మొలిచిన కొడుకునో సాక్షిగా తెచ్చుకోవాలి. ఇంత వెసులుబాటు ఏ ఊళ్లో ఇస్తారని అందరూ సంబరపడ్డారు. నాగరత్నం మిఠాయి పంచింది.

ఏడాది తిరిగాక మంగతాయారు కూడా వరసలో నిలబడింది. చేతిలో జంతికల డబ్బా ఉంది, పక్కన గవర్రాజు ఉన్నాడు, ముందు గ్లోరీ ఉంది. వరస ఊరి చివరిదాకా ఉంది, తిరునాళ్లలా ఉంది. కిటికీ దగ్గరికి రాగానే గుమస్తా ఆమె వైపు చూడకుండా గవర్రాజును అడిగాడు.

"ఈవిడ ఈవిడేనాండీ?"

గవర్రాజు నోరు తెరిచేలోపే మంగతాయారు ఈల ఊదింది. గుమస్తా ఉలిక్కిపడి మొదటిసారి ఆమె మొహం చూశాడు.

"నేనేనండి," అంది ఆమె.

గుమస్తా సరేనని, గవర్రాజు చేత సంతకం పెట్టించుకుని, మళ్లీ ఏడాది రమ్మన్నాడు.