తెల్లపట్టీలు తీసిన ఆహ్వానం

ఆ పొద్దున కోడలు నాజిక్ అనుకున్న పనులు రెండే. మామగారి డెబ్బయ్యో పుట్టినరోజు విందుకు అచ్చుకొట్టు నుంచి వచ్చిన ఆహ్వానాన్ని ఎస్‌వీజీ బొమ్మగా మార్చి వెబ్‌లో పెట్టాలి, ఆపైన నూనెలో వేయించే బోర్సోక్ ఉండలకు పిండి కలపాలి. ఎస్‌వీజీ అయితే ఫోన్‌లో ఎంత పెద్దది చేసినా గీతలు చెదరవు. కళ్లజోడు పెట్టుకోమంటే అలిగే ముసలి చుట్టాలకు అంతకన్నా ఉపకారం లేదు.

ఆ చుట్టాల్లో మామగారు బేయ్‌షెన్‌కి కావాల్సింది ఒక్కడే, నారిన్‌లో ఉండే తమ్ముడు ఒరోజ్. ఒక గుర్రప్పిల్ల ఎవరిదన్న తగాదాలో మాటలు మానేసి ఏళ్లయింది. "వాడొస్తే ఎంత, రాకపోతే ఎంత!" అని పెద్దాయన పదే పదే అంటుంటే, ఎంత బెంగపెట్టుకున్నాడో ఇంట్లో అందరికీ తెలుస్తూనే ఉంది.

ఫైలు మారుస్తుంటే అక్షరాల వెనక తెల్లటి పట్టీలు కనిపించాయి. అవి లేకపోతే వెనకున్న తివాచీ ముగ్గు బాగా కనిపిస్తుందని నాజిక్ వాటిని తీసేసి, వెబ్‌లో పెట్టేసింది. అత్తగారు కేకేయడంతో మళ్లీ చూసుకోకుండానే వంటింట్లోకి పరుగెత్తింది.

కోచ్కోర్ బజారులోని అచ్చుకొట్టువాడు ఎన్నడూ కొత్త ఆహ్వానం చేసి ఎరగడు. పాతదాని మీద తెల్లపట్టీ వేసి, పైన కొత్త మాటలు రాస్తాడు. కాగితం మీద ఆ గుట్టు బయటపడదు. ఈ పట్టీల కింద ఉన్నది ఎవరిదో సంవత్సరీకం భోజనానికి పిలుపు. పేరు మీద పేరు, మాట మీద మాట పడి అలుక్కుపోయాయి గానీ, "కన్నుమూసిన మా కుటుంబ పెద్ద" అన్న ముక్క మాత్రం నిక్షేపంగా పైకి తేలింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఒరోజ్!

"అమ్మాయ్, వెబ్‌లో చూశాను. నిజమేనా?"

"నిజమే చిన్నమామయ్యా! మీరు తప్పకుండా రావాలి."

"ఎవరి పేరో అలుక్కుపోయింది. ఎవరమ్మా? పేరు చెప్పు."

అత్తింటి పెద్దల పేరు కోడలు పలకడమా! "అదే... మా ఇంటి పెద్దాయన."

"బాధపడ్డాడా?"

"చాలా. మీరు రావట్లేదనే."

ఫోను కట్టయింది. ఎలాగైతేనేం కదిలించానని నాజిక్ సంబరపడింది.

సాయంత్రం ఇంటిముందు కారు ఆగింది. ఆ సీమ ఆచారం ప్రకారం చావింటికి వచ్చే మగవాడు దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ రావాలి. ఒరోజ్ గేటు దగ్గరే మొదలుపెట్టాడు.

"ఓ నా అన్నా! నా కొండా! ఎంత మనసయ్యా నీది!"

లోపల టీ తాగుతున్న బేయ్‌షెన్ చేతిలో గిన్నె ఆగిపోయింది. కొడుకు మేదెర్ కంగారుగా లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఉండరా. వాణ్ణి పూర్తి చెయ్యనీ."

"గుర్రప్పిల్ల నీదే అన్నా! మొదట్నుంచీ నీదే! నేనే మొండికేశాను!"

ఇక ఆగడం పెద్దాయన వల్ల కాలేదు. కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఒరోజ్ కెవ్వుమని దుమ్ములో కూలబడ్డాడు. తేరుకోగానే "బతికుండి నన్ను ఏడిపిస్తావా!" అని అన్న భుజం మీద రెండు గుద్దులు గుద్ది, అక్కడే వాటేసుకుని ఈసారి నిజంగా ఏడ్చాడు.

జరిగిందేమిటో మేదెర్ ఫోన్‌లో చూపిస్తే నాజిక్‌కి ప్రాణం పోయినంత పనైంది. "క్షమించండి మామయ్యా, ఇప్పుడే సరిచేసేస్తాను."

"ముట్టుకోకు," అన్నాడు బేయ్‌షెన్. "తలాస్‌లో అలిగి కూర్చున్న మా బావమరిది ఇంకా చూసి ఉండడు."