మూడో వంతులో జయంతి

ఆ ఆదివారం పొద్దున నీలకంఠం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి జయంతి ఇంటికి వెళ్ళి రెండు ముక్కలు చెప్పాలి. ఏడింటికి టీకొట్లో ఒక గిన్నెడు మొహింగా, అంటే సేమ్యా వేసిన చేపల పులుసు, తినాలి. ఎనిమిదికి బాస్కెట్‌బాల్ కోర్టుకి వెళ్ళి, అవసరమైనప్పుడు తప్ప నోరు విప్పకుండా కూర్చోవాలి. ఈ మూడింటిలో ఆయన అనుకున్నట్టు జరిగింది మొహింగా ఒక్కటే.

నీలకంఠం అహ్లోన్ రేవులో బియ్యం గోదాము గుమస్తా. సాయంత్రాలు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మన తెలుగువాళ్ళ ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతాడు. అంతకు ముందటి ఏడు రంగూన్ వీధుల నిండా ఊరేగింపులు, ఆ వెనకే తుపాకులు. ఆ తర్వాత కాలేజీలు మూతపడ్డాయి, కర్ఫ్యూ మిగిలింది. ఐదుగురు ఒకచోట చేరకూడదని సైన్యం ఆజ్ఞ. ఎందరో విద్యార్థులు ఇంట్లో చెప్పకుండా సరిహద్దు అడవులకి, తిరుగుబాటు దళాల్లోకి వెళ్ళిపోయారు. ఆటలో జట్టుకి ఐదుగురుండాలి, వీధిలో ఐదుగురుంటే నేరం. అందుకని నీలకంఠం పిల్లల్ని నలుగురేసి పిలిచి ఆడించేవాడు.

జయంతి సంగతి బయటపడింది అలాగే. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఐదడుగుల పది అంగుళాల ఎత్తు. ఎత్తు చూసి చిన్నప్పటి నుంచీ అందరూ ఆమెని సెంటర్‌గా బుట్ట కిందే నిలబెట్టారు. అక్కడ భుజాలతో తోసుకోవాలి. జయంతి ఎవరికైనా భుజం తగిలితే ఆట ఆపి "దెబ్బ తగిలిందా?" అని అడిగే రకం. అంచేత పేటలో ఆమెకి చేతకాని ఆటగత్తెగా పేరు స్థిరపడింది. నలుగురితో ఆడేటప్పుడు మాత్రం బంతి ముందుకి తెచ్చేవాళ్ళు లేక ఒకరోజు జయంతే తెచ్చింది. తలెత్తి ఇటు చూస్తూ అటు ఇచ్చిన పాసు నేరుగా చేతుల్లోకి వచ్చి పడితే నీలకంఠం ఈల వేయడం మర్చిపోయాడు. ఈ పిల్ల సెంటర్ కాదు, బంతి నడిపించే గార్డు! ఆరు నెలలుగా ఆ రహస్యం ఆయన కడుపులోనే ఉంది.

రహస్యం ఎందుకంటే, ఆ ఆదివారం ఏరికలు. చెదిరిపోయిన ఆటగత్తెలనందరినీ ఒక జాబితాగా రాసి, నాలుగు జట్ల కోచ్‌లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఏరుకోవాలి. వార్డు ఆఫీసు అనుమతి కూడా వచ్చింది. నీలకంఠానిది ప్రతి విడతలో మూడో వంతు. ఆయన లెక్క ఇది: మొదటి విడతలో గట్టి సెంటర్ మల్లికని తీసుకోవాలి. రెండో విడతలో చురుకైన పైడితల్లిని. జయంతిని ఎవరూ ముట్టుకోరు కాబట్టి మూడో విడతలో ఆమెని నింపాదిగా తీసుకుని గార్డుగా దించాలి. ఆయన తర్వాతి వంతు శంకరరావుది. ఇరవై ఏళ్ళుగా ప్రత్యర్థి. ఆయనకి తెలిస్తే అంతా మట్టిపాలే.

జయంతిని పెంచింది నాయనమ్మ తులసమ్మ. ఆ పొద్దున ఆమె వంటగదిలో బియ్యం కడుగుతోంది. మెట్ల మీద నిలబడి నీలకంఠం గుసగుసగా మాట్లాడుతున్నాడు. ఆయన గుసగుస కోర్టు అవతలి వైపుకి కూడా వినిపించే రకం.

"ఇన్నాళ్ళూ నిన్ను ఈ చోట పడేసి పాడు సేసినారు గుంటా. ఇంక చోటు మార్చేత్తాను. అంతా కాయితం మీద గీసేసినాను. ముందు మల్లికని తీసుకెల్తాను, తరవాత పైడితల్లిని, ఆ తరవాత నిన్ను."

"మామ్మకి చెప్పనా మావయ్యా?"

"వొద్దొద్దు. ఇయ్యాల ఎనిమిది దాకా మూడో మనిషికి తెలీకూడదు. వార్డు ఆఫీసాయన కూడా అక్కడే ఉంటాడు. మామూలుగా ఉండు, అంతే."

బియ్యం గిన్నెలో తులసమ్మ చేతులు ఆగిపోయాయి. మల్లిక, పైడితల్లి, తన పిల్ల. కాగితం మీద దారి. ఎనిమిది గంటలకి. అడవికే! పక్క వీధిలో ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళింది కూడా ఇలాగే.

నీలకంఠం వెళ్ళాక ఆమె మనవరాలిని ఏమీ అడగలేదు. గిన్నె పక్కన పెట్టి, పక్కింటి టీకొట్టు యజమానురాలు డో మ్యా సేన్ దగ్గరికి వెళ్ళి, తమ ఇద్దరికీ వచ్చిన బర్మా, తెలుగు కలిపి చెవిలో చెప్పింది. అదే టీకొట్లో నాలుగో బల్ల దగ్గర నీలకంఠం ప్రశాంతంగా మొహింగా తింటున్నాడు. డో మ్యా సేన్ ఆయన వైపు భక్తిగా చూసి, అడక్కుండానే ఇంకో గరిటెడు పోసింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు గాని, మంచి శకునమనుకున్నాడు.

డో మ్యా సేన్ ఒక్కరికే చెప్పింది, దర్జీ భీమరాజుకి. భీమరాజు ఒక్కడికే చెప్పాడు, సైకా రిక్షా తొక్కే జోగికి. సైకా ఎక్కిన ప్రతి ఒక్కరికీ జోగి "నీకొక్కడికే" అంటూ చెప్పాడు. ఏడున్నరకల్లా వీధి వీధంతా తెలిసింది. ఒక్కరు కూడా వార్డు ఆఫీసు వైపు నడవలేదు. డో మ్యా సేన్ డబ్బా నిండా వేయించిన రొయ్యపొడి కట్టింది. భీమరాజు వర్షాకాలానికి దాచుకున్న దుప్పటి మడతపెట్టి ఇచ్చాడు. ఎవరో మలేరియా మాత్రలు, ఎవరో గట్టి కాన్వాసు బూట్లు. ఆ బూట్లు జయంతికి రెండు సైజులు చిన్నవి.

"ఆపవేటి తులసమ్మప్పా?" అని జోగి అడిగాడు.

"ఆపితే ఆగుద్దేటి? ఆకలితో ఎల్లకుండా సూత్తాను. అంతవరకే నా సేతిలో ఉంది" అంది తులసమ్మ.

కోర్టులో ఏరికలు మొదలయ్యాయి. పిల్లలు నలుగురేసి దూరదూరంగా నిలబడ్డారు. వార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఊ బ తాన్ కుర్చీలో కూర్చుని, కోర్టు మొత్తాన్ని నాలుగుల్లో లెక్కపెడుతున్నాడు. మొదటి విడతలో నీలకంఠం మల్లికని తీసుకున్నాడు. రెండో విడతలో మొదటి రెండు వంతుల కోచ్‌లు బుల్లియ్య, రాంబాబు చెరొకరిని ఏరుకున్నారు. జయంతి పేరు ఎవరి నోటా రాలేదు. అంతా పథకం ప్రకారమే. నీలకంఠం పైడితల్లి పేరు చెప్పబోతూ నోరు తెరిచాడు.

గేటు దగ్గర సైకా గంట మోగింది. మూటలతో తులసమ్మ దిగింది. వెనకాల వీధివాళ్ళు, చట్టానికి లోబడి నలుగురేసి వస్తున్నారు. తులసమ్మ నేరుగా వచ్చి నీలకంఠం చేతులు పట్టుకుంది.

"బాబూ, నాకు తెలిసిపోనాది. నాను అడ్డం రాను. అడివిలో దానికి జొరం వొత్తే ఈ మాత్తర్లు ఎయ్యి. దుప్పటి దానికే ఇయ్యి, నువ్వు కప్పుకోకు. బతికుంటే ఒక్క కబురంపు సాలు."

నీలకంఠానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చప్పున మూటని కాళ్ళ వెనక్కి తోశాడు. ఊ బ తాన్ కుర్చీలోంచి లేచాడు. మూట విప్పించాడు. దుప్పటి, మాత్రలు, ఎండు తిండి, బూట్లు. నీలకంఠం జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం కూడా లాగాడు. దాని నిండా సున్నాలు, బాణాలు, పేర్లు.

"ముసలావిడ ఏమంటోంది?" అని బర్మా భాషలో అడిగాడు. నీలకంఠం నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు కాదు, ఆయన చెప్పాలి" అని శంకరరావుని చూపించాడు.

అడివి అన్న ముక్క శంకరరావు శుభ్రంగా విన్నాడు. ఉన్నదున్నట్టు చెబితే ఇరవై ఏళ్ళ ప్రత్యర్థి ఆ పూటతో కోర్టు నుంచి మాయమవుతాడు. శంకరరావు గొంతు సవరించుకున్నాడు.

"సయా, ఈవిడ మనవరాలిని ఇన్నాళ్ళూ తప్పు చోట ఆడించారట. బుట్ట కింద దెబ్బలు తిని జ్వరం వస్తోందట. చోటు మారుస్తానని ఈ కోచ్ మాటిచ్చాడని సంబరపడి, పిల్లలందరికీ తినడానికి తెచ్చింది. దుప్పటి కూర్చోడానికి. ఆ కాగితంలో ఉన్నది ఆటే. సున్నాలు మనుషులు, బాణాలు పాసులు."

అన్నీ ఊహించి చెప్పినవే. చోటు మార్పు మాత్రం అచ్చం నిజం. ఆ సంగతి శంకరరావుకే తెలియదు.

"అయితే ఆడి చూపించమను" అన్నాడు ఊ బ తాన్.

జయంతి నీలకంఠం వైపు చూసింది. బాగా ఆడితే రహస్యం పోతుంది. ఆడకపోతే మనుషులే పోతారు. నీలకంఠం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దాచకు గుంటా. ఉన్నదంతా ఆడేయ్" అన్నాడు.

నలుగురితో ఆట మొదలైంది. జయంతి బంతి తీసుకుని తలెత్తి నడిచింది. ఎడమకి చూస్తూ కుడికి ఇచ్చింది. వెనక్కి తిరక్కుండా వెనకున్న మల్లికకి ఇచ్చింది. ఆమె పాసు కాగితం మీది బాణంలా ఉంది, గీసిన చోటికే బంతి వెళ్ళింది. మూడు పాసులయ్యాక ఊ బ తాన్ కాగితాన్ని చూశాడు, పిల్లని చూశాడు, కాగితం తిరిగి ఇచ్చేశాడు. "ఇలా ఆడే పిల్లని ఇన్నాళ్ళు బుట్ట కింద పెట్టినవాళ్ళని అరెస్టు చేయాలి" అని కూర్చున్నాడు.

జయంతి పరుగున వెళ్ళి నాయనమ్మని పట్టుకుంది. "నేను అడివికి ఎల్తాననుకుని దుప్పటి తెచ్చావా మామ్మా?"

"ఎల్లనని ముందే సెప్పొచ్చు కదేటి! బియ్యం కూడా సగవే కడిగి వొచ్చేసినాను" అని తులసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మూటలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేయబోతే ఒక్కరూ తీసుకోలేదు. డో మ్యా సేన్ డబ్బా మూత తీసి, ఇక్కడే తినేయమంది. నీలకంఠం నలుగురేసి నిలబడ్డ ఆ మనుషుల్ని చూశాడు. వీధంతా ఒక తప్పు నమ్మి, ఆ తప్పు కోసం ఉన్నవన్నీ ఇచ్చేసి, నోరు మాత్రం విప్పలేదు. తర్వాత శంకరరావు వైపు చూశాడు. ఈ మనిషి లేకపోతే తను ఇప్పుడు ఎక్కడుండేవాడో!

"నీలకంఠంగారూ, రెండో విడత మీ వంతు" అని బుల్లియ్య గుర్తుచేశాడు.

అందరూ జయంతి వైపు తిరిగారు. ఇంత ఆట చూశాక వేరే పేరు ఎవరు చెబుతారు? నీలకంఠం లేచి నిలబడ్డాడు. తన తర్వాతి వంతు శంకరరావుది. ప్రాణం నిలబెట్టినవాడికి ఇవ్వడానికి తన దగ్గర ఉన్నది ఇదొక్కటే.

"పైడితల్లి" అన్నాడు.

కోర్టు మొత్తం నోరు తెరిచింది. జయంతికి కళ్ళనీళ్ళు వచ్చాయి. కనబడకూడదని కింద కూర్చుని, మోకాలు పట్టుకుని, తల దాచుకుంది.

ఆ మోకాలు శంకరరావు కంటపడింది. నీలకంఠం తెలివితక్కువవాడు కాదు. చోటు మార్చి తయారుచేసిన పిల్లని తనే వదిలేశాడంటే ఏదో ఉంది. మోకాలు! మలేరియా మాత్రలు కూడా తెచ్చారు, జ్వరమని తనే కదా చెప్పింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఆయన చెవిలో వద్దంది. శంకరరావు వేరే పిల్ల పేరు చెప్పాడు. మూడో విడతలో బుల్లియ్య, ఇద్దరు పెద్ద కోచ్‌లు వద్దనుకున్న పిల్ల తనకెందుకని ఇంకొకరిని తీసుకున్నాడు. బుల్లియ్యని చూసి రాంబాబు కూడా అంతే చేశాడు.

నీలకంఠం శంకరరావు వైపు తిరిగాడు. "నీకోసమే ఒగ్గేసినాను శంకర్రావూ. ఎందుకు తీసుకోలేదు?"

"దాని మోకాలికేదో అయిందని."

"మోకాలికేటి? బాగానే ఉంది. ఏడుత్తంది, అంతే."

శంకరరావు నుదురు కొట్టుకున్నాడు. నీలకంఠం ఇంకొక్కసారి చుట్టూ చూసి, ఎవరూ అడ్డం రాకపోయేసరికి, "మూడో విడతలో జయంతి. గార్డు" అన్నాడు. జయంతి కళ్ళు తుడుచుకుని లేచింది. తులసమ్మ రెండు చేతులూ జోడించి, ఎవరికి దండం పెట్టాలో తెలియక, కుర్చీలో ఉన్న ఊ బ తాన్ మొదలుకుని సైకా పక్కనున్న జోగి దాకా అందరికీ పెట్టింది.

ఆ ఏడు కప్పు నీలకంఠం జట్టుదే. ఆ తర్వాత శంకరరావు తనకెవరూ రుణపడకుండా చాలా జాగ్రత్తగా బతికాడు.