బాగుంది, కానీ...

ఆ పూట చిటపట టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకి బడికి చేరాలి, పసిపిల్లల చేత రంగుల కొట్టు ఆట ఆడించాలి, వెనక కూర్చుని చూసే ప్రిన్సిపాల్ మేడంతో శభాష్ అనిపించుకోవాలి, ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. అంతే! కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ ఈ ముక్కలే గోడలకీ, గిన్నెలకీ, మొగుడికీ అప్పజెప్పింది.

గుమ్మం దాటుతుంటే భర్త వెనకనుంచి పిలిచాడు. "ఏమోయ్, నీ చెప్పులు..."

"రాత్రే తుడుచుకున్నానండీ!"

"అది కాదే, ఒకటి..."

"అర్థమైందండీ, కొత్తవి కొందాం. ముందు ఉద్యోగం ఉండనివ్వండి!" అంటూ మెట్లు దిగిపోయింది. ఆవిడ ఒక కాలికి నల్ల చెప్పు, రెండో కాలికి వదులుగా ఉన్న ఎర్ర చెప్పు. రెండో నల్ల చెప్పు పట్టుకుని ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆవిడ మనసు వెన్న. ఓపిక మాత్రం సున్నా. ఎదుటివాళ్ళు సగం మాట అనగానే మిగతా సగం తనే ఊహించేసుకుని, దానికి జవాబు కూడా చెప్పేస్తుంది. పోయినవారం మేడం గదికి పిలిచి, "పిల్లలంటే మీకు ప్రాణం, చూస్తున్నాను. కానీ ఎదుటివాళ్ళ మాట..." అనగానే, "అర్థమైంది మేడం, మార్చుకుంటాను!" అనేసి బయటపడింది. ఏం అర్థమైందో, ఏం మార్చుకోవాలో తెలియక అప్పట్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. ఇవాళ క్లాసు చూసి, ఉంచడమో పంపెయ్యడమో తేల్చేస్తానని మేడం నిన్న కబురు పెట్టారు.

క్లాసులో పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి ఆట చెప్పింది. ఒకరు కొట్టులో రంగులు వేసేవాళ్ళు, ఇంకొకరు కొనడానికి వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళు బల్లమీద ఒక వస్తువు పెడితే కొట్టువాళ్ళు దానికి రంగు వెయ్యాలి.

"చూసినవాళ్ళు ముందు ఏం బాగుందో చెప్పాలి. తర్వాత 'కానీ' అని, ఏం మారిస్తే ఇంకా బాగుంటుందో చెప్పాలి. రంగు వేసినవాళ్ళు ఏడవకూడదు, అలగకూడదు. మాట పూర్తయ్యేదాకా విని 'సరే' అనాలి. ఛీ, వద్దు, ఆపు అన్నవాళ్ళు కప్పలా గెంతాలి! ఎవరైనా సరే!"

ముందు వరసలో బొద్దుగా ఉన్న పిల్లాడు వెంటనే చెయ్యెత్తాడు. "టీచర్, మీ చెప్పులు బాగున్నాయి. కానీ అవి రెండూ అక్కాచెల్లెళ్ళు కావు."

టీచర్ కిందికి చూసుకుంది. మొహం కందిపోయింది. "అదేంటంటే నాన్నా, పొద్దున్న..." అని మొదలెట్టి, వెనక పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్న మేడంని చూసి నాలిక్కరుచుకుంది. "సరే" అంది. మేడం చిన్నగా నవ్వారు. ఆ నవ్వుతో టీచర్‌కి ఎక్కడలేని హుషారు వచ్చేసింది.

"మేడం, మీరూ రండి! మీరే మా మొదటి బేరం!"

మేడం మొహమాటపడుతూ లేచి, రంగు వేయించడానికి పక్కనున్న ఖాళీ అట్టపెట్టె అందుకోబోతూ, చేతిలోని మీగడరంగు సంచి బల్లమీద పెట్టారు. కొట్టులో ఉన్నది నత్తమ్మ. ఆ పిల్ల అన్నం డబ్బా మూత తీసేలోపు మిగతావాళ్ళు తినేసి చేతులు కడుక్కుంటారు, అందుకే ఆ పేరు. ఇంట్లో వాళ్ళ నానమ్మ "ఊఁ, కానీ! కానీ! బస్సొచ్చేస్తోంది, కానీ!" అని వెంటపడితే తప్ప బట్టకూడా తొడుక్కోదు. ఆ సంగతి టీచర్‌కి తెలియదు.

నత్తమ్మ నిదానంగా కుంచె ముంచి, సంచి మీద నిదానంగా ఒక పచ్చగీత గీసింది.

మేడం గుటక మింగారు. ఆటన్నాక ఆటే కదా. "రంగు చాలా బాగుందమ్మా. కానీ..."

"ఆహా, ఎంత చక్కగా మొదలెట్టారో విన్నారా పిల్లలూ!" అని టీచర్ పిల్లలవైపు తిరిగి చప్పట్లు కొట్టించింది. కానీ అన్నారు కాబట్టి నత్తమ్మ గబగబా ఇంకో రెండు గీతలు లాగేసింది.

టీచర్ ఇటు తిరిగి చూసి, గుండె జారిపోయి, గొంతులో తేనె పోసుకుని అంది. "గీతలు భలే ఉన్నాయి బంగారం, కానీ... అయ్యో మేడం, కంగారుపడకండి, కడిగితే పోయే రంగే!"

కుంచె వేగం పెరిగింది. గీతల పక్కన పువ్వు వచ్చింది.

"పువ్వు కూడా ముద్దొస్తోందమ్మా, కానీ... ఉండండి మేడం, గుడ్డ ఇక్కడే ఎక్కడో పెట్టాను!"

పువ్వు నుంచి కుంచె సంచి పట్టీకి ఎక్కింది. పట్టీ పట్టుకుని లాగుతున్న మేడం చేతికీ ఎక్కింది. "టీచర్, ఇంకా..." అని నత్తమ్మ ఏదో అడగబోయింది. "అర్థమైంది నాన్నా, బాగుంది, కానీ..." అంటూనే టీచర్ గుడ్డ కోసం బీరువాలో తల దూర్చింది.

"ఒరేయ్, నత్తమ్మే అంత తొందరగా వేస్తోంది! మనమూ వేద్దాం రండి!" అన్నాడు బొద్దు పిల్లాడు. చాప ఖాళీ అయింది. ఎవరికి దొరికిన కుంచె వాళ్ళది, ఎవరికి అందిన చోట వాళ్ళది.

"ఆపండీ!" అని టీచర్ కెవ్వున అరిచింది.

వెంటనే గదంతా ఒకటే కేక. "టీచర్ ఆపు అన్నారు! కప్పా! కప్పా!"

తప్పదుగా మరి. టీచర్ గెంతింది. వదులు చెప్పు ఎగిరి రంగునీళ్ళ చెంబుకి తగిలింది, చెంబు తిన్నగా మేడం మీద పడింది.

"ఛీ!" అన్నారు మేడం.

ఈసారి ఎవరూ కప్పా అని అరవలేదు. మేడం మొహం అలా ఉంది. "ఇక చాలు. మీ సామాను సర్దుకోండి" అన్నారు టీచర్‌తో.

టీచర్ నేలమీద కూలబడి, ఎదురుగా ఉన్న నత్తమ్మని అడిగింది. "ఎందుకు తల్లీ ఆగలేదు?" అంతకుమించి మాట రాలేదు. అందుకే ఆ పిల్లకి చెప్పే తీరిక దొరికింది.

"టీచర్... మీరు ముద్దుగా మాట్లాడతారు."

టీచర్ నోటిదాకా ఏదో వచ్చింది. మింగేసింది.

"కానీ... మీరు కానీ అని వెళ్ళిపోతారు. మా నానమ్మ కానీ అంటే... తొందరగా చెయ్యమని. నేను తొందరగా చేశా." నత్తమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఆ తర్వాతది కూడా చెప్తే... అది చేసేదాన్ని."

టీచర్ దగ్గర జవాబులు బోలెడున్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పోయినవారం మేడం చెప్పబోయిన మిగతా సగం ఏమిటో ఇప్పుడు తెలిసింది. "సరే తల్లీ. మార్చుకుంటాను" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నత్తమ్మ అటు తిరిగింది. "మేడం, మీరు ఛీ..."

"నేను ఆటలో లేనమ్మా."

"కానీ మీరు..."

"చెప్పానుగా, చూడు నా బట్టలెలా ఉన్నాయో! మళ్ళీ..."

"మేడం," అంది టీచర్. ఎలాగూ పోయిన ఉద్యోగమే, ఇంక భయమెందుకు? "పాప మాట ఇంకా పూర్తవలేదు."

మేడం టీచర్‌ని ఎగాదిగా చూశారు. తర్వాత నోరు మూసుకుని పాప వైపు తిరిగారు.

"మీరు ఛీ అన్నారు. గెంతాలి. గెంతితే... మీ సంచి నేను కడుగుతా."

మేడం చెప్పులు విప్పి పక్కన పెట్టి, మోకాళ్ళు వంచి ఒక్క గెంతు గెంతారు. పిల్లల చప్పట్లకి కిటికీ రెక్కలు అదిరాయి. మేడం రొప్పుతూ టీచర్ దగ్గరికొచ్చి, "నేను చెప్పాలనుకున్నది ఈ పాపే చెప్పేసింది. మీరు విన్నారు, నన్నూ వినమన్నారు. సామాను సర్దక్కర్లేదు, ఉద్యోగం మీదే" అన్నారు. టీచర్ ఆ మాట చివరిదాకా విని, ఆ తర్వాతే ఏడ్చింది.

"మేడం, మీ గెంతు బాగుంది. కానీ..." అంది నత్తమ్మ.

మళ్ళీ గెంతమంటోందనుకుని మేడం వెంటనే ఇంకో గెంతు గెంతేశారు. మూతికి పచ్చరంగు అంటుకుందని చెప్పబోయిన నత్తమ్మ, ఈ పెద్దవాళ్ళ తొందర ఎప్పుడూ ఇంతేననుకుని ఊరుకుంది.