పదమూడు మైళ్ళ మొక్కు

బందరులో మైలు పందెం ఎక్కడ జరిగినా కప్పు మా మార్కండేయులుకే వచ్చేది. చేనేత సహకార సంఘంలో గుమాస్తా. వయసు నలభైకి దగ్గరపడినా కాళ్ళు మాత్రం ఇంకా పాతికలోనే ఉన్నాయని ఆయన నమ్మకం. ఊళ్ళో అందరూ మైలు మార్కండేయులు అనేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు విన్న అత్తగారు సత్యవతమ్మ, అల్లుడికి మైలేమిటని కంగారుపడి, ఆయన్ని వంటింటి గడప తొక్కనివ్వలేదు.

పంతొమ్మిదివందల అరవై రెండులోనో మూడులోనో క్లబ్బు సెక్రటరీ శివరామయ్యగారు ఆ మైలు పందెం ఎత్తేసి హాఫ్ మారథాన్ పెట్టారు. బందరులో బయల్దేరి పెడన వెళ్ళి మళ్ళీ బందరు రావాలి. పదమూడు మైళ్ళు. మార్కండేయులు ఇంటికొచ్చి భార్య నాగరత్నానికి ఈ సంగతి చెప్పి, హాఫ్ అంటే సగమని వివరించాడు.

"సగమైతే మీకు అలవాటేగా. ఇంట్లో ఏ పని పూర్తిగా చేశారు గనక" అంది ఆవిడ.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడే చెప్పాపెట్టకుండా పెడన రోడ్డెక్కి, మైలు పందెంలో పరిగెత్తినట్టే పరిగెత్తాడు. మొదటి మైలు దివ్యంగా నడిచింది. రెండోది సగమయ్యేసరికి రోడ్డూ, తుమ్మచెట్లూ, కాలవా కలిసి గిర్రున తిరిగాయి. చేపలమ్మే నాంచారమ్మ ఆయన్ని తన బండిలో బుట్టల మధ్య పడుకోబెట్టి ఇంటికి తోలుకొచ్చింది. "ఈ సరుకు మీదేనా అమ్మా" అని నాగరత్నాన్ని అడిగింది.

ఎంత సీకాయ పోసి రుద్దినా వాసన వదల్లేదు. వీధిలో పిల్లులు వారం పాటు ఆయన్ని ఆఫీసు దాకా సాగనంపాయి. ఇంకోసారి పరుగు మాటెత్తితే పుట్టింటికి పోతానని నాగరత్నం బెదిరించింది. ఆవిడ పుట్టిల్లు పెడనే. అంటే ఆయన పరిగెత్తాల్సిన రోడ్డు చివర.

ఇంకొకరైతే మానేసేవారు. మార్కండేయులు మానలేదు. కప్పు సంగతి అలా ఉంచి, ఒక మైలు మనిషిగానే మిగిలిపోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి కల్లోకి వచ్చి, ప్రతి ఆదివారం పెడన దాకా కాలినడకన వెళ్ళి రమ్మన్నాడని, తాను మొక్కుకున్నానని భార్యతో చెప్పాడు. ఊరు దాటేదాకా నడిచి, దాటాక పరుగందుకోవాలని పథకం.

పొరపాటల్లా దేవుణ్ణి ఎంచుకోవడంలో జరిగింది. నాగరత్నం పుట్టిందే ఆ స్వామి వరప్రసాదంగా. మొగుడి అబద్ధాలు చూసీ చూడనట్టు పోయినా, స్వామి మొక్కులో నలుసంత లోపం జరిగితే ఆవిడ ఊరుకోదు.

"మొక్కంటే దంపతులది. నేనూ వస్తాను" అంది.

ఆదివారం తెల్లవారుతూనే కొంగు బిగించి, ఆయన చెప్పులు విప్పించి, బయల్దేరదీసింది. పెళ్ళాన్ని నడిరోడ్డు మీద వదిలి పరిగెత్తే దారి లేదు. ఆవిడ నడకలో తొందరా లేదు, ఆగడమూ లేదు. కూర్చుంటే మొక్కు చెల్లదంది. దారి సగంలోనే ఆయన మోకాళ్ళు మొరాయిస్తే వెనక్కి తిప్పి, వచ్చే వారం ఇంకాస్త అంది. అలా వారం వారం ఇంకాస్త నడిపించి, వర్షాలు తగ్గేసరికి ఆయన్ని పెడన చేర్చింది. అత్తగారిచ్చిన మజ్జిగ నిలబడే తాగి ఆయన వెనక్కి తిరగవలసి వచ్చింది.

అప్పుడు మార్కండేయులు రెండో కల కన్నాడు. ఈసారి స్వామి పరిగెత్తమన్నాడు.

నాగరత్నం కాసేపు ఆలోచించి సరేనంది. ఒక్కటే షరతు పెట్టింది. పరిగెత్తినంతసేపూ స్వామి పేరు పైకి పలకాలి. ఊపిరందక పేరు తెగితే నడకే. తన తమ్ముడు గంగాధరరావు సైకిలు తొక్కితే తను వెనక క్యారియర్ మీద కూర్చుని, చెవి అటే పడేసి వచ్చేది. పేరు తెగితే సైకిలు గంట మోగేది.

చెప్పుల్లేకుండా, దేవుడి పేరు గొంతెత్తి పలుకుతూ పరిగెత్తే మనిషిని పెడన రోడ్డు ఊరికే వదిలిపెడుతుందా. కాలవలో అద్దకం బట్టలు జాడించేవాళ్ళు పని ఆపి దణ్ణాలు పెట్టారు. నాంచారమ్మ బండి ఆపి, మనవరాలి తల మీద చెయ్యి పెట్టమంది. తర్వాతి వారం ఆయన వెనక తాళాలతో భజన బృందం బయల్దేరింది. దారి పొడుగునా కొబ్బరికాయలు కొట్టారు. పరుగు స్వామి అన్న పేరు అవనిగడ్డ బస్సు దాకా ఎక్కింది. తప్పించుకుందామని వేగం పెంచితే పేరు తెగేది, గంట మోగేది. స్వామివారు అందరి ముందూ నడక పట్టేవారు.

పందెం రోజు పొద్దున్న మార్కండేయులు మూడో కలతో సిద్ధంగా ఉన్నాడు. నోరు తెరిచేలోపే నాగరత్నం కొత్తగా కుట్టించిన నిక్కరు చేతిలో పెట్టింది.

"ఇది వేసుకోండి. పంచెతో పదమూడు మైళ్ళు కష్టం."

ఎప్పట్నుంచి తెలుసని ఆయన నీళ్ళు నమిలాడు.

"మొదటి వారమే తెలిసింది. దేవుడికి దణ్ణం పెడుతూ చేతి గడియారం చూసుకునే భక్తుణ్ణి మిమ్మల్నే చూశాను."

"మరి ఆపలేదేం?"

"ఆపితే దొంగచాటుగా వెళ్ళి మళ్ళీ చేపల బండిలో వస్తారు."

పందెంలో కుర్రాళ్ళంతా బాణాల్లా దూసుకుపోయారు. మార్కండేయులు కాళ్ళు దురద పెట్టాయి. అయినా పేరు పలుకుతూ తన పరుగు తాను పరిగెత్తాడు. పెడన చేరకముందే ఆ బాణాలు ఒక్కొక్కటిగా గట్టు మీద కూలబడి కనిపించాయి. తిరుగుదారిలో ఎండెక్కింది. అరికాళ్ళు మండాయి. చివరి మైళ్ళలో పేరు తెగింది. వెనక సైకిలు లేదు, గంటా మోగలేదు. ఎవరూ చూడటం లేదని కూర్చోవచ్చు. కూర్చోలేదు. తనంతట తనే వేగం తగ్గించి, పేరు మళ్ళీ నోటికి వచ్చేదాకా ఓపిక పట్టాడు. నాలుగోవాడుగా వచ్చాడు. కప్పు రాలేదు. గీత దాటాక నాగరత్నం కళ్ళు తుడుచుకోవడం చూసి, ఆయన కప్పు సంగతే మర్చిపోయాడు.

సాయంత్రం ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే శివరామయ్యగారు వచ్చారు. కుర్రాళ్ళకు తర్ఫీదు ఇవ్వమని అడగడానికే అయి ఉంటుందని మార్కండేయులు గ్రహించాడు. ముందు కాదని, బతిమాలాక ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నాడు.

సెక్రటరీగారు ఆయన వీపు తట్టి, వంటింటి వైపు తిరిగారు.

"అమ్మా నాగరత్నంగారూ, మా కుర్రాళ్ళు సగం దారిలోనే చతికిలబడ్డారు. ఆదివారాలు మీరు కాస్త వాళ్ళ వెనక రావాలండి."

వస్తాననే అందావిడ. కాకపోతే ఆదివారం పొద్దున్న ఇంట్లో పని ఎవరు చూస్తారని సందేహపడింది. ఇద్దరూ మార్కండేయులు వైపు చూశారు.

ఆయన మెల్లగా కాళ్ళు తుడుచుకుని, సెక్రటరీగారికి కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాడు. పంచదార డబ్బా ఎక్కడుందో అడగడానికి మొహమాటపడి, బెల్లం వేశాడు.