ఏకాంబరం రాసిన గర్భిణి డైరీ

ఆ బుధవారం ఎనిమిదింటికల్లా సౌకార్‌పేటలో తన పప్పుల మండీ తెరవాలనుకున్నాడు ఏకాంబరం. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగానే ప్రసూతి ఆస్పత్రి నర్సు కోకిల గుమ్మంలోకి వచ్చింది. చేతిలో డైరీ ఉంది.

గర్భిణులు ఇంటి దగ్గర ఎలా ఉంటున్నారో తెలుసుకోవడానికి ఆస్పత్రివాళ్లు తలా ఒక డైరీ ఇచ్చారు. తిండి, నిద్ర, నొప్పులు, అలవాట్లు ఏ రోజువి ఆ రోజు రాయాలి. భార్య కన్యకకు చదువు రాదనుకుని ఏకాంబరమే ఆ పని మీద వేసుకున్నాడు. కానీ తల్లి మంగమ్మ ఎదుట పెళ్లాన్ని అలాంటివి అడగడానికి సిగ్గేసింది. ఖాళీగా పంపితే మర్యాద కాదు. అందుకని నెలరోజులూ తన ఒంటి సంగతులే రాసి, పోయిన వారం ఇచ్చివచ్చాడు.

"పెద్దమ్మా, కోపం చేసుకోవద్దు," అంది కోకిల మంగమ్మతో. "మీ కోడలు సిగరెట్లు మానేయాల."

మంగమ్మ చేతిలో చేట జారి కందిపప్పు ఇల్లంతా చిందింది. "ఏందమ్మా నువ్వనేది?"

"దినానికి మూడంట. ముక్కుపొడి కూడా ఉండాది. డైరీలో రాసుండారు."

మంగమ్మ గోడకు చేరగిలబడింది. "ఏకాంబరం, తిరువొత్తియూరు పోయి దాని నాయన్ని పిల్చుకొని రా. ఈడనే తేలిపోవాల."

ఎనిమిదో నెల కడుపుతో వంటింటి గడప మీద నిలబడి కన్యక ఏకాంబరాన్నే చూస్తోంది.

"అవి నావి అమ్మా," అన్నాడు. "ఆరేండ్లుగా తాగతా ఉండాను."

మంగమ్మ నేల మీదే కూలబడింది.

"అట్లయితే ఈమె సంగతి ఎవరు రాసినారు?" అంది కోకిల.

కన్యక లోపలికి వెళ్లి, దారంతో గుచ్చిన క్యాలెండరు కాగితాల కట్ట తెచ్చింది. ప్రతి తారీఖు వెనకా గుండ్రటి అక్షరాలు. ఏకాంబరం పైకాగితం చదివాడు. "మొహం వాచింది. తల పగిలిపోతా ఉండాది. కండ్లు మసకలు. అడిగేవాళ్లు లేరు."

అతను కన్యక వైపు తిరిగాడు. "నీకు రాసేది వస్తుందా?"

"మీరు అడగలా," అంది కన్యక.

కోకిల ఆ కాగితం లాక్కుని చూసింది. "ఇవి తల్లీబిడ్డల ప్రాణం మీదికొచ్చే గుర్తులు. రిక్షా పిలవండి. ఇప్పుడే."

రిక్షాలో ఏకాంబరం నెలరోజులుగా అడగని ప్రశ్నలన్నీ కన్యకను ఒక్కసారిగా అడగడం మొదలుపెట్టాడు. సగంలో ఆస్పత్రి వచ్చింది. మగవాళ్లు గేటు బయటే ఉండాలన్నారు.

పదో రోజున లోపలి నుంచి కన్యక రాసిన చీటీ వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. ఏకాంబరం దాన్ని తల్లికి చదివి వినిపించాడు, తన సొంతం ఏమీ కలపకుండా.