నల్ల కిటికీ మూసేసిన బావమరిది

మా బావమరిది ప్రజాద్రోహి! తొందరపడి అంటున్న మాట కాదు, నెల రోజులు ఆలోచించి రాస్తున్నాను.

మా షాపింగ్ కాంప్లెక్స్‌కి యాప్ తయారుచేసింది వాడే. అందులో తెర అడుగున ఒక నల్ల కిటికీ ఉండేది. డీబగ్ విండో అట. యాప్ లోపలి భాగోతమంతా పచ్చ అక్షరాల్లో పారుతుండేది. డెవలపర్లు తప్పులు పట్టుకోవడానికి పెట్టుకున్నది, దాచడం మరిచిపోతే మా అందరికీ కనిపించింది. పోయిన నెల దాన్ని పీకేశాడు. మామూలు జనానికి అక్కర్లేదట!

ఎందుకు అక్కర్లేదయ్యా? ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టిన నేను రిపేరుకొచ్చిన మిక్సీ విప్పితే కస్టమర్ కళ్లెదుటే విప్పుతాను. కాలిన కాయిల్ చేతిలో పెట్టి మరీ చూపిస్తాను. నీ యాప్‌కి మాత్రం పరదానా?

మిగతా యాపులు "ఏదో పొరపాటు జరిగింది" అని నసుగుతాయి. ఎవరి పొరపాటు? చెప్పవు! మా కిటికీ మాత్రం, నాలుగొందల పన్నెండో లైనులో సర్వర్ పలకలేదని బుద్ధిగా ఒప్పుకునేది. ఇంత నిజాయితీ ఏ ఆఫీసులో చూశారు? మా ఆవిడకీ ఆ భాష అబ్బింది. నేను పేపర్లో తల దూర్చి ఊ కొట్టకపోతే, "సర్వర్ పలకట్లేదే, ఒకసారి ఆపి ఆన్ చేయనా?" అని గరిటె ఎత్తేది. కాపురానికి ఇంతకన్నా సేవ ఉందా!

అసలు మేలు షాపుల వేలం రోజున జరిగింది. ఎవరి అద్దె పాట వాళ్లు యాప్‌లో గుట్టుగా వేయాలి. ఐదింటికి గడువు, ఎక్కువ వేసినవాడిదే షాపు. ఏళ్లుగా నేనున్న షాపు మీద పక్క బేకరీ ఆయన కన్నేశాడు. కిటికీలోకి చూద్దును కదా, ఆయన వేసిన అంకె పచ్చగా మెరుస్తోంది! దానిపైన కాస్త వేసి, టీ తెప్పించుకుని, కాలు మీద కాలేసుకున్నాను.

ఐదింటికి షాపు బేకరీ ఆయనకి వెళ్లిపోయింది. బావమరిదికి ఫోన్ చేసి అరిచాను.

"ఆయన అంకె నా కళ్లతో చూశాన్రా!"

"చూశావు సరే బావా, ఆయనకేం కళ్లు లేవా? నీది చూసి చివరి నిమిషంలో పెంచాడు. రేపే తీసేస్తాలే ఆ విండో."

పాఠకులారా, నా వాదనలో మార్పు లేదు. డీబగ్ విండో మామూలు జనానికి కనిపించి తీరాలి. చిన్న సవరణ, అంతే: నా ఒక్కడికే కనిపించాలి. వాడు వేలానికి ముందే అలా చేసి ఉంటే, వీధి వైపు షట్టరున్న నా షాపు ఇవాళ కేకుల వాసన కొట్టేది కాదు. ఎనిమిది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల లోతు!